ఎదురుచూపుకు ఒక అంకె ఉండాలి



గత రెండు భాగాలు హాస్టల్ మెస్ గురించి, ఈపాస్ దరఖాస్తుల గురించి రాశాను. ఈసారి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్న సంగతి. "అన్నా, నువ్వు గేమ్ టెస్టర్‌గా చేసినవు కదా, దాని గురించి ఒక్కసారి కూడా రాయలేదేంది?" అని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు. మన మీటింగుల్లో గేమ్ అనే మాట వినపడితే పెద్దలు మొహం చిట్లిస్తారు. పోరగాళ్లు ఫోన్లకు అతుక్కుని పాడైపోతున్నారని ఉపన్యాసం మొదలవుతుంది. ఆ ఉపన్యాసం నేనివ్వను. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద పందొమ్మిది నెలలు నా కడుపు నింపింది ఆ గేమ్‌లే. అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో టెస్టింగ్ కోర్సు చేసి, అయ్యప్ప సొసైటీలో ఒక గదిలో నలుగురం మంచాలు పంచుకుని చేసిన ఉద్యోగం అది.

ఆ పందొమ్మిది నెలల్లో నేను ఎక్కువగా పరీక్షించింది ఒకే విషయం. దాని పేరు కూల్‌డౌన్. పైకి చూస్తే చిన్న సంగతి. లోపలికి పోతే మనందరికీ సంబంధించిన ప్రశ్న ఒకటుంది: ఎవరు ఎంతసేపు ఆగాలి, అది ఎవరు నిర్ణయిస్తారు, ఆగేవాడికి ఎంతసేపో తెలుస్తుందా లేదా?

గేమ్ ఆడనివాళ్ల కోసం మొదటి నుంచి చెప్తాను. ఆన్‌లైన్ రోల్-ప్లేయింగ్ గేమ్‌లో మీరొక పాత్ర. యోధుడు కావచ్చు, మంత్రగత్తె కావచ్చు, గాయాలు మాన్పే వైద్యుడు కావచ్చు. తెర అడుగున వరుసగా చిన్న బొమ్మలుంటాయి. ఒక్కో బొమ్మ ఒక్కో శక్తి. బొమ్మ మీద ఒత్తగానే ఆ శక్తి పడుతుంది, వెంటనే బొమ్మ మసకబారుతుంది. గడియారం ముల్లు తిరిగినట్టు దాని మీద ఒక నీడ తిరుగుతుంది. 8, 7, 6 అని అంకె తగ్గుతూ వస్తుంది. సున్నా కాగానే బొమ్మ మళ్లీ వెలుగుతుంది. ఆ మసక ఉన్నంతసేపు ఎంత ఒత్తినా ఆ శక్తి పనిచేయదు. చల్లారే సమయం అన్నమాట.

ఎందుకు పెట్టారు? అది లేకపోతే గేమే ఉండదు గనుక. పది శక్తుల్లో అన్నిటికంటే బలమైనది ఒకటుంటుంది. ఆపేది లేకపోతే అందరూ దాన్నే వరసపెట్టి ఒత్తుతారు. మిగిలిన తొమ్మిదీ దండగ. ఆలోచించే పని ఉండదు. వేలు ఎంత వేగంగా ఆడితే అంత గెలుపు. కూల్‌డౌన్ వచ్చాక ప్రతి ఒత్తుడుకూ ఒక ఖరీదు వస్తుంది. ఇప్పుడు వాడితే రెండు నిమిషాల దాకా ఉండదు, మరి ముందున్న పెద్ద దెబ్బకు దాచుకోవాలా అని ఆలోచించాల్సి వస్తుంది.

ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే ముందుది. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పాచికలతో ఆడే ఆట. అందులో మంత్రగాడు రోజుకు ఇన్ని మంత్రాలే వేయగలడు. వేసిన మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది. విశ్రాంతి తీసుకుని పుస్తకం మళ్లీ చదివితేనే తిరిగి వస్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో వేలమంది ఒకే లోకంలో ఉంటారు. ఒకడు పడుకున్నాడని లోకం ఆగదు. అందుకే ఆ విశ్రాంతిని ముక్కలు చేసి సెకన్లు, నిమిషాలుగా ఒక్కో శక్తికి అంటించారు.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తీసుకుందాం. అందులో ఆటగాడి సంచిలో ఒక రాయి ఉంటుంది. ఎక్కడున్నా దాన్ని వాడితే సొంత మకాంకు చేరుకుంటాడు. మొదట్లో దాన్ని గంటకొకసారే వాడనిచ్చేవారు. తర్వాత అరగంట చేశారు. అదే గేమ్‌లో గుంపు మొత్తానికి 40 సెకన్లు వేగం పెంచే శక్తి ఉంది. అది ఒకసారి తగిలినవాళ్లకు 10 నిమిషాల దాకా మళ్లీ తగలదు. అదే శక్తి ఉన్న ఇంకో మనిషిని గుంపులో చేర్చుకున్నా లాభం లేదు. దొడ్డిదారి ఉంటుందని తెలిసే ఆ దారి మూశారు. ఇది కాక అన్ని శక్తులకూ కలిపి ఇంకో చిన్న ఆగుడు ఉంటుంది. దాన్ని గ్లోబల్ కూల్‌డౌన్ అంటారు. వార్‌క్రాఫ్ట్‌లో మామూలుగా సెకనున్నర. ఫైనల్ ఫాంటసీ పద్నాలుగో గేమ్‌లో రెండున్నర సెకన్లు. ఒకటి ఒత్తాక ఇంకోటి ఒత్తాలంటే అంత ఆగాల్సిందే. ఎంత డబ్బు పెట్టి కీబోర్డు కొన్నా, వేళ్లు ఎంత వేగంగా కదిలినా, సెకనున్నర అందరికీ సెకనున్నరే.

ఇక నా పని. బొమ్మ మీద 8 సెకన్లు అని రాసి ఉంటే నిజంగా 8 సెకన్లకే వెలుగుతోందా అని చూడాలి. స్టాప్‌వాచ్ సరిపోదు, మనిషి వేలు ఆలస్యం చేస్తుంది. తెరను రికార్డు చేసి ఫ్రేములు లెక్కపెట్టేవాళ్లం. సెకనుకు 60 ఫ్రేములైతే 8 సెకన్లకు 480. బొమ్మ మసకబారిన ఫ్రేమ్ నుంచి వెలిగిన ఫ్రేమ్ దాకా లెక్క 480 దగ్గర ఆగాలి. తర్వాత అడ్డదారులన్నీ మనమే తొక్కి చూడాలి. శక్తి వాడి లాగవుట్ అయి మళ్లీ వస్తే కూల్‌డౌన్ మాయమవుతోందా? చచ్చి బతికితే? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే? కూల్‌డౌన్ తగ్గించే ఉంగరం తొడిగి, శక్తి వాడి, వెంటనే ఉంగరం తీసేస్తే ఏ లెక్క నడుస్తోంది? నెట్ తీసేసి పెడితే? ఫోన్‌లో తేదీని రేపటికి జరిపితే?

చివరి రెండూ ముఖ్యం. ఫోన్‌లో ఒక్కరే ఆడుకునే కొన్ని గేమ్‌లు ఫోన్ గడియారాన్ని నమ్ముతాయి. తేదీ మారిస్తే మోసపోతాయి. ఆన్‌లైన్ గేమ్ నమ్మేది సర్వర్ గడియారాన్ని. మీ తెర మీద తిరిగే నీడ ఉత్త బొమ్మ. అసలు లెక్క ఎక్కడో ఒక కంప్యూటర్ గదిలో నడుస్తుంటుంది. మీరు ఒత్తినప్పుడు మీ ఫోన్ "నేను ఒత్తాను" అని అర్జీ పంపుతుంది. సర్వర్ తన పుస్తకం చూసి అవును, కాదు అని చెప్తుంది.

ఒకసారి ఒక శక్తి మీద 8 అని ఉంది. నా లెక్కలో 504 ఫ్రేములు వస్తున్నాయి. అంటే 8.4 సెకన్లు. ఇరవై సార్లు చూశాను, ఇరవై సార్లూ అంతే. బగ్ రాశాను. ఇంత చిన్నదానికి తిడతారేమో అనుకుంటూనే పంపాను. మా లీడ్ పిలిచి, "మంచి పని చేశారు. ఎనిమిదని రాస్తే ఎనిమిదే ఉండాలి. ఆటగాడికి అబద్ధం చెప్పకూడదు" అన్నాడు. మర్నాటికి సరిచేశారు. సెకనులో సగం కూడా లేని తేడాకు ముగ్గురు ఇంజినీర్లు కూర్చున్నారు. ఆ మాట, ఆ శ్రద్ధ నాకు నచ్చాయి. ఇప్పటికీ నచ్చుతాయి. ఈ వ్యాసం అంతా ఆ మాటను పట్టుకునే రాస్తున్నాను.

ఓయూ హాస్టల్‌లో మన జూనియర్ ఒకడున్నాడు. వాడి గోల ఏమిటంటే, "అన్నా, నేనే ముందు ఒత్తిన. వాడు నా తర్వాత ఒత్తిండు. వాడిదే పడ్డది. ఇదేమన్న న్యాయమా?" వాడు చెప్పింది అబద్ధం కాదు. అర్జీ సర్వర్ దాకా పోయి జవాబు రావడానికి సమయం పడుతుంది. దాన్నే పింగ్ అంటారు. సర్వర్ ముంబైలో ఉంటే మనకు పదుల మిల్లీసెకన్లు. అమెరికాలో ఉంటే 200 దాటుతుంది. పైగా హాస్టల్ వైఫై మీద అరవైమంది. సర్వర్ పక్క ఊళ్లో ఉన్నవాడికీ మనకూ ఒకే సెకనున్నర కూల్‌డౌన్ రాశారు. కానీ "అయిపోయింది" అనే కబురు మనకు చేరి, మన ఒత్తుడు తిరిగి అక్కడికి పోయేసరికి 0.2 సెకన్లు దండగ. అంటే మనకు ప్రతిసారీ 1.7 సెకన్లు. ఐదు నిమిషాల పోరాటంలో దగ్గరివాడు 200 సార్లు ఒత్తితే మనం 176 సార్లు. ఒకే రూలు, ఒకే వేళ్లు, 24 ఒత్తుళ్లు తక్కువ. బయటినుంచి చూసేవాడు ఏమంటాడు? వీడికి ఆట రాదు అంటాడు.

దీనికి గేమ్ చేసినవాళ్లు ఒక మందు కనిపెట్టారు. వార్‌క్రాఫ్ట్‌లో కూల్‌డౌన్ ముగియడానికి ఇంకా 400 మిల్లీసెకన్లు ఉండగానే మీరు తర్వాతి బొమ్మ ఒత్తొచ్చు. సర్వర్ దాన్ని తిప్పికొట్టదు, వరుసలో పెట్టుకుంటుంది. సమయం అవ్వగానే వదులుతుంది. అప్పుడు దూరంవాడి శక్తి కూడా సరిగ్గా సెకనున్నరకే పడుతుంది. ఒక్క మిల్లీసెకను కూడా ముందు పడదు. అతనికి అదనంగా ఏమీ రాలేదు. దూరం వల్ల పోయేది పోకుండా ఆగింది, అంతే. రూన్‌స్కేప్ అనే ఇంకో పాత గేమ్‌లో లోకమే 0.6 సెకన్లకొకసారి అడుగు వేస్తుంది. ఆ లోపల ఎవరు కొంచెం ముందు ఒత్తినా, కొంచెం వెనక ఒత్తినా అందరిదీ ఆ అడుగులోనే లెక్కకొస్తుంది. సర్వర్ పక్కనే ఉన్నవాడు లేచి, దూరంవాడికి ముందే ఒత్తే వీలు ఇవ్వడం అన్యాయం, ఇది ప్రతిభకు అవమానం అన్నాడనుకోండి. ఎక్కడో విన్నట్టుంది కదా. నేను విడమరచక్కర్లేదు.

ఇంకో లెక్క చూద్దాం. ఇది మీ చదువుల సర్కిల్‌లో బోర్డు మీద వేసి చూపించండి. చాలా గేమ్‌లలో కూల్‌డౌన్‌ను శాతాల్లో తగ్గించే వస్తువులుంటాయి. ఒక శక్తికి 10 సెకన్ల కూల్‌డౌన్. నిమిషానికి 6 సార్లు. 10 శాతం తగ్గించే వస్తువు కొంటే 9 సెకన్లు, నిమిషానికి 6.67 సార్లు. లాభం 0.67. ఇప్పటికే 30 శాతం తగ్గింపు ఉన్నవాడిది 7 సెకన్లు, 8.57 సార్లు. వాడు కూడా అదే 10 శాతం వస్తువు కొంటే 6 సెకన్లు, నిమిషానికి 10 సార్లు. లాభం 1.43. వస్తువు అదే, ధర అదే. ఏమీ లేనివాడికి వచ్చిన దానికి రెండింతలకు పైగా ఉన్నవాడికి వచ్చింది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ రూలు తప్పలేదు. లెక్కే అలా కట్టి ఉంది.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్‌లో ఇదే జరిగేది. అది రోల్-ప్లేయింగ్ గేమ్ కాదు, ఐదుగురు ఐదుగురితో తలపడే ఆట. కూల్‌డౌన్ లెక్క మాత్రం అదే. అందుకే అక్కడ మామూలుగా 40 శాతం దగ్గర గీత గీశారు. 2020 నవంబర్‌లో ఆ గీతను తీసేసి సూత్రాన్నే మార్చారు. కొత్త లెక్కలో ఒక్కో పాయింటూ అందరికీ ఒకేలా పనిచేస్తుంది. మన 10 సెకన్ల శక్తికి ప్రతి 10 పాయింట్లకూ నిమిషానికి 0.6 సార్లు కలుస్తాయి. మొదటి పది పాయింట్లకూ అంతే, పదో పది పాయింట్లకూ అంతే. ఈ మార్పు చేసినవాళ్లు సామాజిక న్యాయం గురించి ఆలోచించారని నేననను. ఆట బాగుండాలని ఆలోచించారు. కానీ ఒకటి గమనించండి. ఉన్నవాడికే ఎక్కువ కలిసే లెక్క దేవుడు రాసింది కాదు. ఒక వాక్యం మారిస్తే మారుతుంది.

ఇప్పుడు చెడ్డ కూల్‌డౌన్ గురించి. 2012లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ వచ్చింది. ఫిరంగి పెంచాలన్నా గంటలు, రోజులు ఆగాలి. పచ్చ రాళ్లు కొంటే ఆగక్కర్లేదు. 2020లో వచ్చిన గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో రెజిన్ అని ఒకటుంటుంది. బహుమతులు తీసుకోవాలంటే అది ఖర్చుపెట్టాలి. 8 నిమిషాలకు ఒక్కటి చొప్పున పెరుగుతుంది. ఇప్పుడున్న గరిష్ఠం 200. ఖాళీ నుంచి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. డబ్బుతో కొనగలిగే రత్నాలిస్తే వెంటనే కొంత నిండుతుంది. వార్‌క్రాఫ్ట్ సెకనున్నర, ఈ 8 నిమిషాలు, రెండూ టైమర్లే. మొదటిది ఆట కోసం పెట్టింది. రెండోదానికి రేటు కట్టి ఉంది. ఆగడం నీకు కష్టంగా ఉండాలి, అప్పుడే కొంటావు. ముందు ఆకలి పెట్టి తర్వాత అన్నం అమ్మినట్టు. తిరుమలలో సర్వదర్శనం లైను, 300 రూపాయల లైను చూసినవాళ్లకు, రైలు టికెట్ తత్కాల్‌లో కొన్నవాళ్లకు ఇది కొత్త కాదు. తమ్ముళ్లూ, మెస్ బిల్లు పైసలతో రత్నాలు కొనకండి. ఆడండి, ఆగండి. మీ ఓపికకు వాడు రేటు కట్టాడని గుర్తుపెట్టుకుని ఆగండి.

ఇంతవరకూ తెర లోపలి సంగతి. తెర బయట ఏముంది?

1998 నవంబర్ 22న వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి ఆ కారిడార్ మన పిల్లలకు ఒక ఆశ. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ పేర్లు ఊళ్లో మా అమ్మకు కూడా తెలుసు. అక్కడ సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. అక్కడే పనిచేసే మనిషి ఎదురుచూపుకు మాత్రం అంకె ఉండదు. నా కాంట్రాక్టు మూడు నెలలకొకసారి పొడిగించేవాళ్లు. పొడిగిస్తారో లేదో చివరి రోజు సాయంత్రం దాకా తెలిసేది కాదు. గదికి అద్దె కట్టాలా, సామాను సర్దాలా? అడిగితే, "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్లు. మెషీన్ మీద బొమ్మకు అంకె ఉంది. ఆ అంకె సరిగా ఉందో లేదో చూసే మనిషికి లేదు.

ఇంటర్వ్యూల్లో కూలింగ్ పీరియడ్ అనే మాట మీరందరూ విన్నారు. ఒకసారి ఫెయిలైతే ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది మళ్లీ అప్లై చేయకూడదు. అదైనా నయం, అంకె చెప్తారు. చెప్పనిది ఇంకోటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీకి రాదు. ఆర్‌టీఎఫ్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. ఎంటీఎఫ్ రాక విద్యార్థి అప్పు చేస్తాడు. సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి ఏడాది పోతుంది. అప్పుడు ఇంటర్వ్యూలో అడుగుతారు, "ఈ గ్యాప్ ఏంటి?" అని. ఒక కౌంటర్ దగ్గర మనల్ని ఆపుతారు. ఆగినందుకు ఇంకో కౌంటర్ దగ్గర మార్కులు కోస్తారు. గేమ్‌లో ఇలాంటిది దొరికితే నేను దాన్ని అత్యంత తీవ్రమైన బగ్ అని రాసేవాణ్ని. సర్వర్ ఆలస్యం చేసింది, శిక్ష ఆటగాడికి వేసింది అని.

నా డిగ్రీ రోజుల్లో అమ్మ వారానికోసారి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడేది. కూలికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోన్ అడుక్కుని చేసేది. "స్కాలర్‌షిప్ ఇంకెన్ని దినాలకు వస్తది బిడ్డా?" అని అడిగేది. ఆమె అడిగింది డబ్బు గురించే కాదు. వడ్డీకి తెచ్చిన పైసలు ఎన్ని దినాలకు తిప్పి ఇస్తానని చెప్పాలో ఆమెకు అంకె కావాలి. తొంభై రోజులు అంటే తొంభై రోజులకు తగ్గట్టు బతుకును సర్దుకునే తెలివి ఆమెకుంది. ఏమీ చెప్పకపోతే ఏ తెలివీ పనిచేయదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మా అమ్మ ప్రశ్నకు కౌంటర్ దగ్గర జవాబు "వస్తది పో".

గచ్చిబౌలిలోనే, ఆ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని విడిచిపోయాడు. ఆయన చివరి ఉత్తరంలో కూడా ఒక లెక్క ఉంది: తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు. అది ఇంటివాళ్లకు అందేలా చూడమన్నాడు. ఆ ఉత్తరం గురించి చాలామంది చాలా రాశారు. నేను ఆ ఒక్క లెక్క దగ్గరే ఆగిపోతాను. ఏడు నెలలు. నెలకు 25,000.

మరి ఏం చేయాలి? ఎదురుచూపే లేని లోకం రాదు. ఖజానాకూ కోర్టుకూ సమయం పడుతుంది. మన డిమాండ్ ఆ సమయానికి అంకె వేయమని. ఇది గేమ్‌లోంచి తెచ్చిన కోరిక కాదు, ఈ దేశంలో పోరాడి తెచ్చుకున్నదే. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం 30 రోజులు అని రాసింది. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. దాటితే అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 25,000. అదే ఏడాది ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. పని అడిగిన 15 రోజుల్లో పని, లేకపోతే భృతి, చేసిన పనికి 15 రోజుల్లో కూలి, ఆలస్యమైతే పరిహారం అని ఆ చట్టం రాసింది. అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసులో 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. చార్జిషీటు పడ్డాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఇవన్నీ అమలవుతున్నాయా అంటే మీకు తెలుసు, నాకు తెలుసు. కానీ అంకె ఉంది గనుకే అరవై ఒకటో రోజున మనం ఎస్పీ ఆఫీసు ముందు నిలబడి, ఇది బగ్ అని చెప్పగలుగుతున్నాం. అంకె లేనిచోట ఏ రోజున నిలబడాలో కూడా తెలియదు.

చివరగా సంఘాల్లో పనిచేసే మీకు ఒక మాట. గేమ్ నాకు నేర్పిన వాటిలో నేను ఎక్కువగా వాడుకున్నది ఇదే. వార్‌క్రాఫ్ట్‌లో శత్రువు ఒక పెద్ద మంత్రం మొదలుపెడతాడు. అది పూర్తయితే అందరూ చస్తారు. మధ్యలో ఆపే తన్ను ఒకటి మనవాళ్లలో కొందరికి ఉంటుంది. ఇప్పటి లెక్కలో ఆ తన్ను కూల్‌డౌన్ 15 సెకన్లు. శత్రువు 5 సెకన్లకొకసారి మంత్రం మొదలుపెడుతుంటే ఒక్కడు ఎంత వీరుడైనా మూడింట ఒకటే ఆపగలడు. ముగ్గురుంటే ఒకడి తర్వాత ఒకడు, ఒక్కటి కూడా వదలకుండా ఆపొచ్చు. ముగ్గురూ ఆవేశంగా మొదటిదాని మీదే తంతే ఆ ఒక్కటే ఆగుతుంది, తర్వాతి రెండూ నెత్తిన పడతాయి. ఎవరి టైమర్ ఎంతో అందరికీ కనపడాలి, వంతు ముందే చెప్పుకోవాలి.

మనకు ఇది తెలియదా? రిలే నిరాహార దీక్షలు చేసిన నేల ఇది. తెలంగాణ ఉద్యమంలో ఎన్ని శిబిరాలు అట్లా నడిచాయో మీ ఇళ్లల్లో అడగండి. ఈ రోజు వీళ్లు, రేపు వాళ్లు, శిబిరం మాత్రం ఖాళీ కాదు. మన డప్పు దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. కొట్టగా కొట్టగా తోలు వదులవుతుంది, మోత తగ్గుతుంది. మంట దగ్గర కాచుకోవాలి. అందరూ ఒకేసారి మంట దగ్గరికి పోరు. ఇద్దరు కాచుకుంటుంటే నలుగురు కొడుతుంటారు. దరువు ఆగదు.

మన విద్యార్థి సంఘాల్లో నేను చూస్తున్నది దీనికి పూర్తి వ్యతిరేకం. ఇద్దరు ముగ్గురే అన్నీ చేస్తారు. కరపత్రం వాళ్లే రాయాలి, పోలీస్ స్టేషన్‌కు వాళ్లే పోవాలి, రాత్రి రెండింటికి ఫోన్ వాళ్లే ఎత్తాలి. పరీక్షలు పోతాయి, ఆరోగ్యం పోతుంది. మూడో ఏడాదికి ఒక్క మాట చెప్పకుండా మాయమవుతారు. అప్పుడు మనమే, "వాడు జారిపోయిండు" అంటాం. వాడు జారిపోలేదు. వాడి బొమ్మ మసకబారి ఉంది, మనం ఒత్తుతూనే ఉన్నాం.

కాబట్టి ఈ నెల మీటింగ్‌లో ఒక పని చేయండి. గోడకు ఒక చార్టు అంటించండి. ఎవరికి ఏ తేదీల్లో పరీక్షలు, ఎవరు ఇంటికి పోవాలి, ఎవరు గత నెలంతా తిరిగి అలసిపోయారో రాయండి. వంతులు వేసుకోండి. "ఈ పదిహేను రోజులు నేను ఉండను" అని చెప్పడం సిగ్గుపడే విషయం కాదని సీనియర్లే ముందు చెప్పి చూపించండి. దాని పక్కనే ఇంకో చార్టు పెట్టండి. మీ హాస్టల్‌లో ప్రతి ఒక్కరి ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ ఏ తేదీ నుంచి ఆగి ఉందో పేరు పేరునా రాసి, రోజులు లెక్కపెట్టండి. 212, 213, 214. రోజూ పొద్దున ఒకరు వంతుగా ఆ అంకె మార్చాలి. ఆ చార్టు ఫొటోను వారానికోసారి జిల్లా సంక్షేమాధికారికి పంపండి. ప్రభుత్వం టైమర్ చూపించకపోతే మనమే చూపిద్దాం.

సమాచార హక్కు అర్జీలో స్కాలర్‌షిప్ బకాయిల గురించి ఎలా అడగాలో, ఏ ప్రశ్నలు పెడితే తప్పించుకోలేరో వచ్చే భాగంలో నమూనాతో సహా రాస్తాను. మీ హాస్టల్ అంకెలు కామెంట్లలో పెట్టండి. పేర్లు వద్దు, రోజులు చాలు.

జై భీమ్.